ప్లాట్‌ఫాం కుక్కకు పొలం దారి

గౌరవనీయులైన ఆగ్నేయ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి, బిలాస్‌పూర్.



చకర్‌భాటా స్టేషన్ దాటి బిల్హా వైపు వెళ్తుంటే పట్టాలకు కనుచూపు మేరలో మా పొలం ఉంది. వరి చేను, ఇంటి వెనక కూరగాయల బాడీ, రెండు ఆవులు, కొన్ని మేకలు, కోళ్లు. మా నాన్నగారు విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. స్టేషన్లలో తిరిగే కుక్కలను పట్టి షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఆ పని గురించే మిమ్మల్ని ఒక్కటి అడగాలని రాస్తున్నాను. మీ స్టేషన్ల నుంచి వెళ్లే కుక్కల్లో మనుషులతో మెలగగలిగిన వాటికి షెల్టరే ఆఖరి మజిలీ కాకుండా చూడండి. పట్టాల పక్కనున్న పల్లెల్లో వాటికి చోటుంది. ఆ చోటుకు జాగ్రత్తగా చేర్చే పద్ధతి ఒకటి రైల్వే, మున్సిపాలిటీ, పశువైద్య శాఖ కలిసి పెట్టాలి.

ఈ లేఖ హిందీ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్‌ల మధ్య తెలుగువాళ్లు ఉద్యోగాల మీద తిరుగుతూనే ఉన్నారు. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా కొత్త జోన్ ఏర్పడ్డాక కూడా ఆ రాకపోకలు ఆగలేదు. కొర్బా – విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో ఏ పెట్టె ఎక్కినా తెలుగు వినిపిస్తుంది. గ్యాంగ్‌మన్‌లుగా, డ్రైవర్లుగా, పాయింట్స్‌మన్‌లుగా పనిచేసి, రిటైరయ్యాక ఎకరమో అరెకరమో కొనుక్కుని ఇక్కడే ఉండిపోయిన వాళ్లున్నారు. స్టేషన్ కుక్కల సంగతి వాళ్లకు తెలుసు, పొలం సంగతీ తెలుసు. నేను అడుగుతున్న పనికి మీకు మొదట దొరికే మనుషులు వాళ్లే. వాళ్లు కూడా ఇది చదవాలని నా కోరిక.

2025 నవంబరు 7న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా, జస్టిస్ ఎన్.వి. అంజారియాల ధర్మాసనం ఇచ్చిన ఆదేశం మీకు నాకంటే బాగా తెలుసు. బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్న వీధికుక్కలను స్థానిక సంస్థలు తీసుకుపోవాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు అయ్యాక షెల్టర్‌లో పెట్టాలి. పట్టిన చోటే మళ్లీ వదలకూడదు. మామూలు వీధి కుక్కలకు ఈ షరతు లేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన వీధిలోనే దింపుతారు. స్టేషన్ కుక్కకు ఆ వీలు పోయింది. ప్లాట్‌ఫాం మీద పుట్టి, అక్కడే పెరిగిన కుక్కకు ఇక తిరిగి వెళ్లే చోటు లేదు.

ఈ ఆదేశం వెనకున్న భయాన్ని నేను తక్కువ చేయను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని వీధికుక్కలు చంపిన సంగతి తెలుగు వాళ్లెవరూ మరిచిపోలేదు. 2025 జూలైలో మన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోనే, బలోదాబజార్ వైపు లచ్ఛన్‌పూర్ బడిలో, కుక్క మూతిపెట్టిన మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించారు. డెబ్బై మందికి పైగా పిల్లలకు రేబిస్ టీకాలు వేయాల్సి వచ్చింది. మా ఊరి పక్కనే బోద్రీలో ఉన్న హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుని, ఒక్కో విద్యార్థికి 25,000 రూపాయలు ఇమ్మని ప్రభుత్వానికి చెప్పింది. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతికి బట్టకట్టడం దాదాపు లేదు. రాత్రి బండి దిగి చంటిబిడ్డను భుజాన వేసుకుని నడిచే తల్లి ప్లాట్‌ఫాం మీద భయపడకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే కోర్టు మూసిన తలుపు ఒకటైతే, తెరిచి ఉంచిన తలుపు కూడా ఒకటుంది. అదే ధర్మాసనం 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశంలో, కుక్కను దత్తత తీసుకోవాలనుకునే వాళ్లు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పింది. తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిది. 2019 పశుగణనలో దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లని తేలింది. అందులో స్టేషన్లు, ఆసుపత్రులు, బడుల కుక్కలు చిన్న భాగమే కావచ్చు. ఆ చిన్న భాగాన్నైనా బతికినంత కాలం గదుల్లో పెట్టి మేపగల డబ్బు, మనుషులు ఏ మున్సిపాలిటీ దగ్గరున్నాయి? లోపలికి వెళ్లే దారి మాత్రమే ఉండి బయటికి వచ్చే దారి లేని షెల్టర్ త్వరగా నిండిపోతుంది. నిండిన చోట పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు వేగంగా పాకుతాయి. కుక్కల పోట్లాటలూ పెరుగుతాయి.

నగరాల్లో దత్తత మేళాలు జరుగుతున్నాయి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 2025 ఆగస్టులోనే జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. మంచి పని. కానీ ఫ్లాట్‌లో ఉండేవాళ్లు పిల్లనే అడుగుతారు, నాలుగైదేళ్ల స్టేషన్ కుక్కను అడగరు. పెద్ద కుక్క విలువ తెలిసేది పల్లెలో, పొలంలో. ఎండకు, వానకు తట్టుకుంటుంది. దేశవాళీ కనుక తిండికి పేచీ పెట్టదు. మనిషి నడకను చూసే అతను దొంగా దొరా అని పసిగడుతుంది. మేం ఈ మాట చెప్పగలుగుతున్నది భూరీని చూశాక.

భూరీ మా ఇంటికి షెల్టర్ నుంచి వచ్చిన ఆడకుక్క. గోధుమరంగు ఒళ్లు, చెవి కొస కత్తిరించి ఉంటుంది. ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు. దెబ్బ తగిలి స్టేషన్ దగ్గర పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్చారట. అంతకు మించి షెల్టర్ వాళ్లు చెప్పలేకపోయారు, వాళ్ల పుస్తకంలో రాసి లేదు. ఏ స్టేషనో, ఎవరు తిండి పెట్టేవారో, కర్ర చూస్తే ఎందుకలా వణుకుతుందో మాకు తెలియదు.

పొలమంటే కుక్కకు ఇంకేం కావాలి అని పట్నం వాళ్లు అనుకుంటారు. వచ్చిన కొత్తలో భూరీకి మా పొలం భయంకరమైన చోటు. స్టేషన్‌లో వీపుకు గోడ ఉంటుంది, నెత్తిన బెంచీ ఉంటుంది, రాత్రంతా దీపాలుంటాయి. వందల కాళ్లు పక్కనుంచి పోతుంటాయి, ఏ ఒక్కటీ ఆగి దాన్ని ఏమీ అడగదు. ఇక్కడ నాలుగు వైపులా ఖాళీ. చీకటి పడితే కప్పల అరుపులు, దూరంగా నక్కలు. ఉన్న నలుగురు మనుషులూ దాని వంకే చూస్తుంటారు. అది ట్రాక్టర్ ట్రాలీ కింద, గోడ వైపు దూరి కూర్చుంది. పగలు అన్నం ముట్టలేదు. దీపాలార్పి అందరం లోపలికి వెళ్లాక వచ్చి తిని మళ్లీ ట్రాలీ కిందికి పోయేది. షెల్టర్‌లో గిన్నెలో నీళ్లు తాగిన కుక్కే ఇక్కడ గిన్నె వదిలేసి, బోరు దగ్గర కాలువలో పారే నీళ్లు తాగేది.

మా ఆవులను మేతకు తోలుకెళ్లే రావుత్ కాకా చేతిలో ఎప్పుడూ లాఠీ ఉంటుంది. కాకా దడి దాటి లోపలికి అడుగుపెట్టగానే భూరీ నేలకు కరుచుకుపోయి అక్కడే మూత్రం పోసుకుంది. కాకా ఏమీ అనలేదు. మర్నాటి నుంచి లాఠీ దడి బయట ఆనించి వట్టి చేతులతో వచ్చేవారు. బిలాస్‌పూర్‌లో కర్రలు పట్టి ఆడే రావుత్ నాచా చూసినవారికి తెలుస్తుంది, ఆ మనిషికి ఆ కర్ర ఎంత దగ్గరిదో. ఒక కుక్క కోసం ఆయన దాన్ని చేతిలోంచి దించారు. బాడీలో కలుపు తీసే దాయీ అయితే భూరీ వైపు చూసేదే కాదు. ట్రాలీకి కాస్త దూరంలో వీపు అటు పెట్టి కూర్చుని, చేట పెట్టుకుని బియ్యం చెరుగుతూ తనలో తను ఏదో పాడుకునేది. రోజూ అదే వేళకు, అదే చోట. కొన్నాళ్లకు భూరీ తనే వచ్చి ఆమె చీర కొంగు వాసన చూసింది. ఇంకొన్నాళ్లకు ఆమె మోకాలికి వీపు ఆనించి పడుకుంది. మా అందరి బిస్కెట్లకు లొంగని కుక్క ఆమె అరచేతికి లొంగింది.

దీనికి శాస్త్రం దన్ను కూడా ఉంది. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. ముక్కూ మొహం తెలియని మనిషి పదేపదే తిండి పెట్టినప్పటికన్నా, పదేపదే తల నిమిరినప్పుడు వీధికుక్కలు ఆ మనిషిని ఎక్కువగా నమ్ముతాయని వాళ్లు 2017లో చూపించారు. వీధిలో తిండి ఎలాగో దొరుకుతుంది, ఆప్యాయంగా తాకే చెయ్యి దొరకదు. అలాగని తెచ్చిన రోజే మీద పడి నిమరమని కాదు. కుక్క తానై దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడమే చాలామందికి చేతకాదు.

తర్వాత రైళ్ల సంగతి. మా పొలానికి బండ్ల చప్పుడు బాగా వినిపిస్తుంది. బొగ్గు నింపుకుని గూడ్సులు ఎన్ని పోయినా భూరీ చెవి కూడా కదిపేది కాదు. పాసింజర్ బండి బ్రేకు వేసుకుంటూ స్టేషన్‌లోకి వచ్చే చప్పుడు వినగానే లేచి నిలబడేది. తోక ఊగేది, తాడు తెంపుకునేంతగా పట్టాల వైపు లాగేది. ఆగే బండి అంటే దానికి కిటికీలోంచి పడే సమోసా ముక్క. అప్పుడు దాన్ని విప్పి వదిలేసి ఉంటే నేరుగా స్టేషన్‌కే పోయేది, లేదా దారిలో బండి కింద పడేది. దాయీయే ఉపాయం చెప్పింది. భూరీకి అన్నం పెట్టే వేళ మార్చి, పాసింజర్ చప్పుడు వినిపించగానే పెరట్లో గిన్నె పెట్టడం మొదలుపెట్టాం. గంజి, కాస్త పప్పు, ఎప్పుడైనా చేప తల. కొద్ది వారాల్లో ఆ చప్పుడుకు అది పట్టాల వైపు కాక వంటింటి వైపు పరుగెత్తడం నేర్చుకుంది. స్టేషన్ కుక్కను పట్టాల పక్క పల్లెకు ఇచ్చేటప్పుడు ఈ ఒక్క సంగతి చెప్పి ఇచ్చినా ఎన్నో కుక్కలు దక్కుతాయని నా నమ్మకం.

పశువులతో సర్దుకోవడం దానికి ఇంకో చదువు. మేకల దగ్గరికి మొదట్లో తాడుతోనే తీసుకెళ్లాం. మేక పరుగెత్తితే ఏ కుక్కకైనా కాళ్లు ఆగవు, అందుకని మేకలు కట్టేసి నెమరు వేస్తున్న వేళ పక్కన కూర్చోబెట్టేవాళ్లం. ఆవులకు మా సాయం అక్కర్లేకపోయింది. దూడ ఉన్న ఆవు ఒక్కసారి కొమ్ములు వంచింది, ఆనాటి నుంచి భూరీ కొట్టాన్ని చుట్టి నడుస్తుంది. కోళ్లతోనే ఎక్కువ కాలం పట్టింది. పొద్దున్నే గంప కింది కోళ్లను వదిలే ముందు భూరీని ఇంటికి అటువైపు కట్టేసేవాళ్లం. కోడి అనేది పరుగెత్తి పట్టేది కాదని, ఇంట్లో మనిషి లాగే ఉండేదని దానికి ఎక్కడానికి ఒక కాలం గడిచింది.

ఇప్పుడు అది పనిమంతురాలు. కోతలు అయ్యాక ఈ ప్రాంతంలో పశువులను ఊరి మీదికి వదిలేస్తారు. రాత్రిపూట అవి బాడీలోకి చొరబడకుండా భూరీ గట్టు మీద నిలబడి మొరుగుతుంది, మేం లేచి వెళ్లేలోపే సగం పని అయిపోతుంది. కొండముచ్చులు సొరపాదు మీదికి దిగితే దాని గొంతు వేరుగా ఉంటుంది. పామును చూస్తే ఇంకా వేరు. మా ఇంట్లో పిల్లలు ఆ మూడు మొరుగుళ్లనూ మంచంలో పడుకునే గుర్తుపడతారు.

ఇలా కుదురుకోవడానికి ఎంత కాలం పడుతుందన్నది మీరు పెట్టే పద్ధతికి కీలకం. దత్తత ఇచ్చి ఫొటో తీసుకుని ఆ రోజుతో ఫైలు మూసేస్తే సగం కుక్కలు మళ్లీ రోడ్డు మీదికే వస్తాయి. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు షెల్టర్ కుక్కల వెంట్రుకల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచి 2022లో ప్రచురించారు. షెల్టర్‌లో ఆరు వారాలు గడిపిన కుక్కల్లో అది చేరినప్పటి కన్నా పెరిగింది. దత్తత వెళ్లాక మెల్లగా దిగింది. ఆరు నెలల తర్వాత చూస్తే షెల్టర్‌లో చేరినప్పటి స్థాయికి వచ్చింది. ఆరు నెలలంటే మా లెక్కలో ఛేర్‌ఛేరా నుంచి హరేలీ దాకా. పుష్య పౌర్ణమికి ధాన్యం ఇంటికొచ్చి ఉంటుంది, పిల్లలు ఇంటింటికీ వచ్చి ధాన్యం అడుగుతారు. ఇక్కడి లెక్కలో శ్రావణ అమావాస్య అయిన హరేలీకి నాగళ్లు, పారలు కడిగి పూజ చేస్తాం. కుక్కను పొలానికి ఇవ్వడానికి ఛేర్‌ఛేరా రోజులే మంచివి. చలి ఇంకా ఉంటుంది, చేలు ఖాళీగా ఉంటాయి, పురుగుమందు పిచికారీ ఉండదు, ఇంట్లోవాళ్లకు తీరిక ఉంటుంది. బిలాస్‌పూర్ ఎండలు ముదిరేసరికి కుక్కకు నీడ ఎక్కడుందో, నీళ్లెక్కడున్నాయో తెలిసిపోతుంది. వానలు పడి పాములు, గోమార్లు, మందుల వాడకం మొదలయ్యేసరికి అది ఇంటి మాట వినే కుక్క అవుతుంది. అదే కుక్కను నాట్ల వేళలో తెచ్చి బురదలో దింపితే ఇంట్లో దాన్ని చూసే దిక్కుండదు.

పొలంలో ప్రమాదాలు లేవని నేను అనను. ఎలుకల కోసం పిండిలో కలిపి పెట్టే జింక్ ఫాస్ఫైడ్ కుక్కను చంపుతుంది. ఆ పిండి తిని చచ్చిన ఎలుకను తిన్నా ముప్పే. చేలో చల్లే గుళికల మందు, విత్తనశుద్ధి చేసిన గింజలు, మందు డబ్బా కడిగిన నీళ్లు కూడా అంతే. గోమార్ల వల్ల వచ్చే జ్వరం వానాకాలంలో మంచి కుక్కను కూడా వారం రోజుల్లో నీరసపరిచి పడేస్తుంది. కట్లపాములున్న నేల ఇది. గట్టులేని బావులున్నాయి. 130వ జాతీయ రహదారి ఒక పక్క, మీ పట్టాలు ఇంకో పక్క. అందుకే కుక్కను తీసుకునేవాళ్లకు నచ్చజెప్పడం కన్నా ముందు వాళ్ల చోటు చూడాలి. దడి ఉందా, మందులు ఎత్తున దాచే అలవాటుందా, ఏటేటా రేబిస్ టీకా వేయించే మనిషి ఉన్నాడా. ఇవి లేని ఇంటికి కుక్క వద్దు.

కొన్ని చోట్లకు అసలే వద్దు. కోటా, లోర్మీ దాటి అచానక్‌మార్ పులుల అడవి అంచున ఉన్న పల్లెలకు విచ్చలవిడిగా తిరిగే కుక్కను పంపితే చిరుతకు ఆహారమవుతుంది, లేదా తన జబ్బును అడవికి అంటిస్తుంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో డిస్టెంపర్ వైరస్ సోకి సింహాలు చనిపోయాయి. అది కుక్కల్లో మామూలుగా తిరిగే జబ్బు. అలాగే కరిచిన చరిత్ర ఉన్న కుక్కను, మనిషిని చూస్తేనే మీదికొచ్చే కుక్కను, పిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదు. వాటికి షెల్టరే తగిన చోటు. అక్కడ వాటిని బాగా చూసుకోవాలంటే, వెళ్లగలిగిన కుక్కలు బయటికి వెళ్లి చోటు ఖాళీ కావాలి.

మన ఛత్తీస్‌గఢ్‌లోనే, బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామంలో కుకుర్‌దేవ్ గుడి ఉంది. గర్భగుడిలో కుక్క విగ్రహానికి పూజలందుతాయి. ఫణి నాగవంశీయుల కాలంలో, 14, 15 శతాబ్దాల మధ్య కట్టారని చెబుతారు. అక్కడి వాళ్లు చెప్పే కథ మీరు వినే ఉంటారు. కరువు కాలంలో అప్పు తీర్చలేని ఒక బంజారా తన కుక్కను షావుకారు దగ్గర తాకట్టు పెట్టాడు. షావుకారు ఇంట్లో దొంగలు పడి సొమ్ము దాచిన చోటును ఆ కుక్క పట్టి చూపించింది. షావుకారు సంతోషించి, జరిగినదంతా చీటీ మీద రాసి, బాకీ తీరిపోయిందని చెప్పి, ఆ చీటీ కుక్క మెడకు కట్టి యజమాని దగ్గరికి పంపించేశాడు. కుక్క ఆత్రంగా పరుగెత్తి వచ్చింది. మాట తప్పి పారిపోయి వచ్చిందనుకుని బంజారా దాన్ని కర్రతో కొట్టి చంపాడు. ఆ తర్వాత మెడలో చీటీ చూశాడు.

కుక్క కరిచినవాళ్లు మొక్కుకోవడానికి ఆ గుడికి వెళ్తుంటారు. వెళ్లేవాళ్లను నేను కాదనను, గాయాన్ని ముందు సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రిలో టీకా వేయించుకున్నాకే వెళ్లమంటాను. నాకు ఆ కథలో పట్టి పీడించేది చీటీ. అది ఉంది, కానీ చదవాల్సిన వేళకు ఎవరూ చదవలేదు. భూరీ మెడకైతే చీటీయే లేదు. మీ స్టేషన్లలో ప్రతి కుక్క గురించీ ఆ చీటీ రాయగలిగినవాళ్లు మీ దగ్గరే ఉన్నారు. ప్లాట్‌ఫాం ఊడ్చే ఆమెకు ఏ కుక్క పిల్లలను చూస్తే తోక ఊపుతుందో తెలుసు. టీ అమ్మే అతనికి ఏది తిండి దగ్గర గుర్రుమంటుందో తెలుసు. రాత్రి డ్యూటీ పాయింట్స్‌మన్‌కు లాంతరు వెనకాలే నడిచి వచ్చే కుక్క ఏదో తెలుసు. పట్టే బండి వచ్చిన రోజున వాళ్లనెవరూ అడగరు. వల వేస్తారు, తీసుకుపోతారు, షెల్టర్ పుస్తకంలో స్టేషన్ కుక్క అని రాస్తారు. ఆ కుక్క గురించి లోకానికి తెలిసినదంతా ఆ పూటతో పోతుంది.

కాబట్టి నేను అడిగేవి ఇవి. కుక్కలను పట్టడం మున్సిపాలిటీల పని, మీది కాదని తెలుసు. స్టేషన్‌లోకి వాళ్లు వచ్చేది మీ అనుమతితో, మీ సిబ్బంది సమక్షంలోనే. ఆ రోజు ప్రతి కుక్కకూ ఒక కార్డు తయారయ్యేలా ఆదేశం ఇవ్వండి. ఏ ప్లాట్‌ఫాం, ఆడా మగా, సుమారు వయసు, మనుషులతో ఎలా ఉంటుంది, పిల్లలతో ఎలా ఉంటుంది, ఎవరినైనా కరిచిందా, ఎవరి మాట వింటుంది. సగం పేజీ చాలు. ఆపరేషన్, రేబిస్ టీకా తేదీలు షెల్టర్‌లో పశువైద్యులు దానికి చేరుస్తారు. ఆ కార్డు కుక్కతో పాటే షెల్టర్‌కు, అక్కణ్నుంచి ఇంటికి వెళ్లాలి.

రెండోది, దత్తత కబురు ముందుగా మీ సిబ్బందికి, రిటైరైనవాళ్లకు చెప్పించండి. స్టేషన్ నోటీసు బోర్డులో, రైల్వే ఆసుపత్రిలో, పెన్షన్ అదాలత్‌లో. హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, ఒడియా, బెంగాలీ భాషల్లో రాయించండి, మీ కాలనీలు అన్ని భాషలూ మాట్లాడతాయి. ఏ కుక్క ఎవరికన్నది మాత్రం మున్సిపాలిటీ, పశువైద్య శాఖ చోటు చూసి నిర్ణయించాలి. తాను పెంచిన ప్లాట్‌ఫాం కుక్కనే తన పొలానికి తీసుకెళ్లే అవకాశం ఒక గ్యాంగ్‌మన్‌కు దొరికితే, ఆ కుక్కకు సగం బెంగ అక్కడికక్కడే తీరుతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఛేర్‌ఛేరా నుంచి హరేలీ దాకా, ఆ ఆరు నెలలూ ఎవరో ఒకరు వచ్చి చూడాలి. బ్లాక్ పశువైద్యశాల వాళ్లు వస్తారా, షెల్టర్ వాళ్లు వస్తారా, మీ సంక్షేమ విభాగం నుంచి ఒకరిని పెడతారా, మీరు కూర్చుని తేల్చండి. కుక్క కుదురుకోలేకపోతే నిందలేమీ వేయకుండా వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలి. అది లేకే జనం రాత్రిపూట కుక్కను బండిలో వేసుకెళ్లి పక్క ఊరి పొలిమేరలో వదిలేస్తున్నారు. వెనక్కి తీసుకుంటారని తెలిస్తే తీసుకెళ్లడానికీ జంకరు.

జోన్ మొత్తానికి ఒక్కసారి పెట్టనక్కర్లేదు. బిలాస్‌పూర్, దాధాపారా, చకర్‌భాటా, బిల్హా స్టేషన్లతో మొదలుపెట్టండి. ఈ నాలుగింటి మధ్యా పొలాలున్నాయి, బిల్హా బ్లాక్ కేంద్రం. వచ్చే ఛేర్‌ఛేరాకు ముందే కార్డు నమూనా తయారైతే ఆ చలికాలంలోనే మొదటి కుక్కలను ఇవ్వచ్చు. హిందీ, తెలుగు నమూనాలు రాసి ఇవ్వడానికి మా ఇంట్లోవాళ్లం సిద్ధం. ఛత్తీస్‌గఢీలో ఎలా ఉండాలో రావుత్ కాకా, దాయీ చెబుతామన్నారు. చోటు చూడడానికి మీ అధికారులు, మున్సిపాలిటీ వాళ్లు వస్తామంటే మా పొలం చూపిస్తాం. దడి దగ్గర ఒక్కసారి ఆగి రమ్మని మాత్రం చెప్పండి, చేతిలో కర్ర ఉంటే అక్కడే పెట్టి రావాలి.

ఇట్లు,
చకర్‌భాటా నుంచి ఒక రైల్వే కుటుంబపు రైతు